బోర్డు మీద ఏం రాయించుకోవాలి?

పోయిన నెల నిద్ర పట్టకపోవడం గురించి జవాబు రాస్తూ, మాటల మధ్యలో ఒక వాక్యం అనేశాను. మన దేశంలో సైకోథెరపిస్టు (మాటలతో మనసుకి చికిత్స చేసే మనిషి) అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, అడిగే నాథుడు లేడు అని. నిద్ర సంగతి అందరూ మర్చిపోయారు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే! "అయితే మీరెవరు మేడం?" అని ఒకాయన పోస్టుకార్డు కూడా రాశారు, పోస్టుకార్డు చూసి ఎన్నాళ్లయిందో. సరే, ఈ నెల మీ కష్టాలు పక్కన పెట్టి మా గొడవే మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చేశాను. తర్వాత ఆరు నెలల కౌన్సెలింగ్ డిప్లొమా చేశాను. హన్మకొండలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఫ్లెక్సీ వేసే అబ్బాయి "డాక్టర్ అని పెట్టమంటారా మేడం, బాగుంటది" అంటున్నాడు. సైకోథెరపిస్ట్ అని పెట్టుకోవచ్చా? మా అత్తగారైతే చుట్టాలందరికీ "మా కోడలు పిచ్చి డాక్టరు" అని చెప్పేస్తోంది. అసలు నేనెవరినని చెప్పుకోవాలి?

జవాబు: ముందు ఆ ఫ్లెక్సీ అబ్బాయికి ఫోన్ చేసి 'డాక్టర్' తీసేయమనండి. మిగతాది తర్వాత. అత్తగారిని మాత్రం ఏమీ అనకండి. మా అమ్మ ఇరవై రెండేళ్లుగా పక్కింటివాళ్లకి "మా అమ్మాయి ఎర్రగడ్డలో ఉండి వచ్చింది" అని చెప్పి, వాళ్ల మొహం మారగానే గొంతు తగ్గించి "అంటే చదువుకోడానికి" అని కలుపుతుంది. ఆవిడ మారలేదు, నేనూ అలవాటు పడ్డాను.

మన భాషలోనే ఈ తికమక ఉంది. మనోవైద్యుడు, మానసిక నిపుణుడు, మనస్తత్వవేత్త, మానసిక విశ్లేషకుడు... ఒకే మనిషిని పొద్దున పేపర్లో ఒకలా, సాయంత్రం టీవీ స్క్రోలింగులో ఇంకోలా రాస్తారు. చదివేవాళ్లకి అందరూ ఒకటే. నిజానికి తేడా చాలా ఉంది. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే మీలాగే పీజీ చేసి, ఆ మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన చోట ఇంకో రెండేళ్లు ఎంఫిల్ చేసినవాళ్లు. ఆ రెండేళ్లూ క్లాసుల కన్నా వార్డుల్లోనే ఎక్కువ గడుస్తాయి, ప్రతి కేసూ ఒక సీనియర్‌కి చూపించాల్సిందే. అది పూర్తయ్యాక కేంద్ర రిజిస్టర్‌లో పేరెక్కి సీఆర్‌ఆర్ నంబర్ వస్తుంది, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. (ఈ ఎంఫిల్ కూడా పోతోంది. జాతీయ విద్యా విధానంలో ఎంఫిల్‌నే ఎత్తేశారు, మా సబ్జెక్టుకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చారు. ఎంఫిల్ పేరుతో గుర్తింపు తెచ్చుకున్న నాలాంటి వాళ్లం రేపు పాత రూపాయి నోట్లలా ఉంటామేమో.)

1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! హైదరాబాద్‌లో చాలామంది థెరపిస్టుల ఒక్క సెషన్ ఫీజు అంతకన్నా ఎక్కువ. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా మానసిక ఆరోగ్య నిపుణులు ఎవరో చెప్పింది. సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, మెంటల్ హెల్త్ నర్సు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, ఇంకా ఆయుష్‌లో ఆ విభాగంలో పీజీ చేసినవాళ్లు. అందులో కౌన్సెలర్ లేడు, సైకోథెరపిస్ట్ అనే మాటా లేదు. ఎందుకంటే మన చట్టం దృష్టిలో సైకోథెరపీ అనేది చేసే పని పేరు, కూర్చునే కుర్చీ పేరు కాదు. వంట అందరూ చేస్తారు, వంటమాస్టారు అని లైసెన్సు ఇవ్వరు కదా, అలాగన్నమాట.

2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, దాని పట్టికలో ఆర్‌సీఐ కిందకి రాని సైకాలజిస్టులకీ, కొన్ని రకాల కౌన్సెలర్లకీ చోటిచ్చారు. అంటే మీలాంటి వాళ్లకీ ఒక రిజిస్టర్ ఉండాలనే. కానీ అమలు ఎంత నత్తనడకన సాగిందంటే 2024లో సుప్రీంకోర్టే కేంద్రాన్నీ రాష్ట్రాలనీ కలిపి మందలించాల్సి వచ్చింది.

ఈ పేచీ మనది మాత్రమే కాదు లెండి. 1926లో వియన్నాలో థియొడర్ రైక్ అనే ఆయన మీద, డాక్టరు కాకుండా వైద్యం చేస్తున్నాడని కేసు పెట్టారు. ఆయనకి సైకాలజీలో డాక్టరేట్ ఉంది కానీ మెడిసిన్ చదవలేదు. అప్పుడు ఆయన గురువు, మాట్లాడించి మనసు లోతుల్ని తవ్వే సైకోఅనలిసిస్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్, తను స్వయంగా డాక్టరై ఉండి కూడా, ఈ పనికి డాక్టరు చదువు అక్కర్లేదని వాదిస్తూ ఏకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. అమెరికాలోని ఆయన శిష్యులే ఒప్పుకోలేదు, ఎండీ ఉంటేనే రానిస్తామని దశాబ్దాల పాటు తలుపులు మూసుకు కూర్చున్నారు. మన దగ్గర కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టినప్పుడు మాత్రం డాక్టర్లతో పాటు కాలేజీల్లో సైకాలజీ, ఫిలాసఫీ చెప్పుకునే మాస్టార్లు కూడా మొదటి రోజు నుంచే ఉన్నారు. ఆస్ట్రియాలో 1990లో సైకోథెరపిస్ట్ అనే వృత్తికి విడిగా చట్టమే చేశారు, జర్మనీలో 1999 నుంచి ఆ మాట అందరూ వాడుకోవడానికి లేదు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ వాడుకోవచ్చు.

ఇంతకీ మీ బోర్డు. మీ పేరు, కింద ఎమ్మెస్సీ సైకాలజీ, దాని కింద కౌన్సెలర్. అంతే. సైకోథెరపిస్ట్ అని పెట్టుకుంటే పోలీసులు రారు, నిజమే. కానీ ఆ బోర్డు చూసి లోపలికొచ్చిన మనిషికి రేపు మీ మీద ఏదైనా ఫిర్యాదు ఉంటే ఎక్కడికి వెళ్లాలి? దానికి జవాబు లేనంత కాలం పెద్ద మాట పెట్టుకోకండి. గది లోపల గోడ మీద ఇంకో కాగితం అంటించండి: ఫీజు ఎంత, సమయం ఎంత, ఏ కేసులు మీరు చూడరు, అలాంటివాళ్లని ఏ సైకియాట్రీ ఓపీకి పంపిస్తారు, రాత్రిపూట అవసరమైతే 14416. అది కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు. బయటి ఫ్లెక్సీ కన్నా మీరెవరో ఆ కాగితమే బాగా చెప్తుంది.

ప్రశ్న: నాకు ఉద్యోగంలో టెన్షన్ ఎక్కువై రాజమండ్రిలో ఒక థెరపిస్ట్ దగ్గరికి ఐదు వారాలు వెళ్లాను. వారానికి 1500. ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు. "మీకేమనిపిస్తోంది?" అంటాడు, నేను చెప్తే తలూపుతాడు. మా మేనమామ టీ తాగుతూ ఫ్రీగా పది సలహాలిస్తాడు. మీరసలు చేసే పనేంటి?

జవాబు: మీ కోపం న్యాయమే. ఐదు వారాలు దేనికోసం తలూపుతున్నాడో ఆయన మీకు చెప్పకపోతే తప్పు ఆయనదే. మొదటి రోజే, మనం ఏం పట్టుకున్నాం, ఎన్ని వారాలు చూద్దాం, ఎలా చేద్దాం అని ఇద్దరూ అనుకోవాలి. వచ్చే వారం వెళ్లి "మనం ఎటు వెళ్తున్నాం సార్?" అని అడగండి. మొహమాటపడకండి, 1500 ఇస్తున్నారు. చక్కగా విని జవాబు చెప్తే ఉండండి. నొచ్చుకుంటే మానేయండి.

ఇది మా వాళ్లకి కొత్త విషయం కూడా కాదు. బెంగళూరులో ఇప్పటి నిమ్హాన్స్, ఆ రోజుల్లో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అనేవారు, అక్కడ సూర్య, జయరామ్ అనే ఇద్దరు 1964లోనే రాశారు. మన పేషెంటు డాక్టరుతో ఒప్పందం చేసుకున్న ఖాతాదారులా ఉండడు, ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన దగ్గరికి వచ్చినట్టు వస్తాడు, మార్గం చూపించమంటాడు అని. తర్వాత 1973లో జె.ఎస్. నేకీ అనే సైకియాట్రిస్ట్ ఇంకో అడుగు ముందుకేసి, మన దగ్గర థెరపీకి గురుశిష్య సంబంధమే సరైన నమూనా కావచ్చన్నాడు. నాకు ఇందులో సగమే నచ్చుతుంది. గురువుని ప్రశ్నించే అలవాటు మనకి తక్కువ, అక్కడే నాకు భయం. మీ మేనమామ మంచాయనే అయ్యుండొచ్చు, కానీ ఆయన సలహా పాటించకపోతే వచ్చే పండక్కి మొహం చాటేయాలి కదా. మా సలహా పాటించకపోయినా మళ్లీ గురువారం రావొచ్చు, రావాలి కూడా.

పనేంటన్నారు కదా, ఒకటి చెప్తా. మనిషి ఆనవాలు దొరక్కుండా వివరాలన్నీ మార్చేశాను. ముప్పై ఏళ్ల కుర్రాడు ఒకతను, మొదటి మూడు వారాలూ హెల్మెట్ ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. పక్కన బల్ల ఉంది, స్టాండు ఉంది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని, వైజరు పైకీ కిందకీ అంటూ, ఆఫీసు గురించి మాట్లాడేవాడు. తండ్రి మాట వచ్చినప్పుడల్లా వైజరు టక్కున మూసేవాడు, అతనికి తెలియకుండానే. నేను మూడు వారాలు ఏమీ అనలేదు. మీ మేనమామ అయితే మొదటి నిమిషంలోనే "పక్కన పెట్టరా అది" అనేవాడు, పెట్టేవాడు కూడా, అక్కడితో కథ అయిపోయేది. నాలుగో వారం మళ్లీ టక్కుమంది. అప్పుడన్నాను, "నాన్నగారి పేరు వచ్చినప్పుడల్లా అది మూసేస్తున్నారు" అని. చేతుల వంక చూసుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది మూడు వారాల్లో మాట్లాడిందానికన్నా ఎక్కువ. అది ఆ రోజు కాబట్టి అన్నాను. మొదటి వారం అని ఉంటే హెల్మెట్ కిందే స్టాండులో వదిలేసి వచ్చేవాడు, నాకు తెలిసేదే కాదు.

ఇందులో మందు లేదు, మంత్రమూ లేదు. ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు అనాలో నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఇప్పటికీ పదిసార్లలో కొన్నిసార్లు తప్పుతాను.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి కౌన్సెలింగ్ ఇప్పిస్తున్నాం. ఫీజు కట్టేది నేను, తీసుకెళ్లేది నేను. లోపల ఏం మాట్లాడిందో ఆ మేడం నాకు ఒక్క ముక్క చెప్పదు. కన్నతల్లికి కూడా చెప్పకూడదా?

జవాబు: చెప్పకూడదమ్మా. పద్దెనిమిది దాటింది, ఆమె అనుమతి లేకుండా చెప్తే ఆ మేడం తప్పు చేసినట్టు. 2017 చట్టంలో గోప్యత ఆమె హక్కుగా రాసి ఉంది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, వేరేవాళ్లకి హాని జరిగేలా ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. కాబట్టి ఆవిడ ఏమీ చెప్పడం లేదంటే, చాలావరకు మీరు కాస్త ధైర్యంగా ఉండొచ్చు.

మీ బాధ నాకు తెలుసు. బయట కుర్చీలో కూర్చుని తలుపు వంక చూస్తూ ఉండే అమ్మల్ని రోజూ చూస్తాను. మా వృత్తికి కుటుంబం అడ్డమని ఎప్పుడూ అనుకోను. 1950ల్లో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్లో విద్యాసాగర్ అనే డాక్టరు పేషెంట్ల కుటుంబాల్ని ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచుకున్నాడు. చెట్టుకింద కూర్చోబెట్టి వాళ్లతో మాట్లాడేవాడు. ప్రపంచం మొత్తం పేషెంట్లని ఇంటివాళ్ల నుంచి విడదీసి గోడల వెనక పెడుతున్న రోజులవి. అంటే మీరూ అందులో భాగమే. మీ అమ్మాయినీ ఆ మేడంనీ అడగండి, ముగ్గురూ కలిసి ఒకరోజు కూర్చుందామా అని. అమ్మాయి సరేనంటే ఆ గంటలో మీకు తెలియాల్సింది అమ్మాయి నోటితోనే వింటారు.

దారిలో కారులో మాత్రం "ఏం చెప్పావు?" అని అడగకండి. ఎక్కడైనా ఆగి ఏదైనా తినిపించండి, చాలు.

ప్రశ్న: మా తమ్ముడికి సైకియాట్రిస్ట్ మందులు రాశారు. ఒక థెరపిస్ట్ "మందులు అలవాటైపోతాయి, మానేయండి, మాటలతోనే తగ్గిస్తాను" అంటున్నారు. ఎవరి మాట వినాలి? (ఒంగోలు నుంచి)

జవాబు: మందుల విషయంలో సైకియాట్రిస్ట్ మాట. ఆలోచించాల్సిన పని లేదు. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాదు, ఆపడం వల్లే కొత్త ఇబ్బందులు వస్తాయి. అనుమానాలుంటే రాసిన డాక్టరునే అడగండి, తగ్గించాల్సి వస్తే ఆయనే మెల్లగా తగ్గిస్తారు. తన వృత్తి పరిధిలో లేని మందులు, చికిత్సలు సూచించే అధికారం ఏ నిపుణుడికీ లేదని 2017 చట్టం 106వ సెక్షన్ చెప్తోంది. రాసే అర్హత లేనివాళ్లం, ఆపమనే అర్హత మాత్రం ఎక్కడ నుంచి వస్తుంది? ఈ జబ్బు మా వాళ్లలో ఉంది, ఒప్పుకుంటాను. డాక్టర్ల ముందు చిన్నబోయిన ఉక్రోషం లోపలెక్కడో ఉండి, ఇలా పేషెంట్ల టాబ్లెట్ల మీద తీర్చుకుంటారు. ఆ థెరపిస్ట్‌ని మార్చండి. మందులు, మాటలు రెండూ కలిసి నడిచే చోటు వెతకండి.

ప్రశ్న: నేనూ ఈ వృత్తిలోనే ఉన్నానండి, విజయవాడలో. నాలుగేళ్లయింది. ఈ మధ్య సెషన్ మధ్యలో "నేనెవరిని వీళ్లకి చెప్పడానికి" అనిపిస్తోంది. ఒకావిడ వస్తుందంటేనే తలనొప్పి. ఇంట్లో మా ఆయనతో గొడవైతే "నా మీద థెరపీ చెయ్యకు" అంటాడు. పెళ్లిళ్లకి వెళ్తే అందరూ కేసులు చెప్తారు. నేను ఫేక్ ఏమో అనిపిస్తోంది.

జవాబు: ముందు తేలికది. మొన్న ఒక పెళ్లిలో బఫే లైన్లో నిలబడ్డాను. ప్లేటులో అప్పుడే పులిహోర పడింది. వెనక నుంచి ఒకావిడ, "మీరు సైకాలజిస్టట కదా, మా వాడు సెల్లు వదలడు, రాత్రి రెండింటి దాకా అదే, ఏం చేయమంటారు?" అంది. ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో గరిటె, వెనక నలభై మంది. కొత్తలో అయితే అక్కడే పదిహేను నిమిషాలు క్లాసు పీకేదాన్ని, ఇంటికొచ్చి తిండి సరిగా తినలేదని ఏడ్చేదాన్ని. ఇప్పుడు "సోమవారం ఫోన్ చేయండి, ఇద్దరూ రండి. ఈ పెరుగు వడ వేసుకోండి, బాగుంది" అంటాను. పెరుగు వడ వేసుకుంటారు, సోమవారం ఫోన్ మాత్రం రాదు.

మీ ఆయన విషయం. ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. గొడవలో "నీకు కోపం వచ్చినట్టు అనిపిస్తోంది" అనే గొంతు మనకి వచ్చేస్తుంది, అది వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఇంట్లో మామూలుగా పోట్లాడండి.

ఇక ఫేక్ అనిపించడం. ఇది మీ ఒక్కరిదే అనుకుంటున్నారు. ఇంజనీరుకి బ్రిడ్జి కనిపిస్తుంది, సర్జన్‌కి కుట్లు కనిపిస్తాయి, టైలరుకి బ్లౌజు. మనకి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. బాగైనవాళ్లు రావడం మానేస్తారు, బాగవని వాళ్లూ రావడం మానేస్తారు, ఎవరెందుకు మానేశారో సగం సార్లు తెలీదు. పైగా 1936లోనే రోజెన్‌జ్వైగ్ అనే ఆయన, అన్ని రకాల థెరపీలూ ఇంచుమించు ఒకేలా పనిచేస్తున్నాయి, వాటన్నిటిలో ఉన్న ఉమ్మడి విషయాలే కారణం కావచ్చు అని రాసిపెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మా పరిశోధకులు ఆ మాట మీద తన్నుకుంటూనే ఉన్నారు. అంటే మీరు కష్టపడి నేర్చుకున్న టెక్నిక్ కన్నా, మీకూ ఆ మనిషికీ మధ్య కుదిరే పొత్తు ఎక్కువ పని చేస్తుందేమో. అప్పుడు సర్టిఫికెట్ పట్టుకుని 'ఇదీ నేను' అనుకోవడానికి లేదు. ఊతం లేనట్టుంటుంది, నాకూ ఉండేది.

తలనొప్పి తెప్పించే ఆవిడ గురించి చెప్తాను, నా కథతో. వృత్తిలో మూడో ఏడు. మా అమ్మ వయసావిడ ఒకరు వచ్చేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేవారు, చీర కొంగు చివర మడతలు పెడుతూ. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదిగా ఉండేది. గబగబా ఏదో ఒకటి చెప్పేసేదాన్ని: వాకింగ్ చేయండి, గుడికి వెళ్లండి, డైరీ రాయండి. ఆరు వారాలయ్యాక ఆవిడ రావడం మానేశారు. నా సూపర్‌వైజర్‌కి, అంటే నా కేసులు చూసే సీనియర్‌కి, చెప్తూ "నేను అంత మంచి సలహాలిచ్చినా" అని మొదలుపెట్టాను. ఆయన ఒక్కటే అడిగారు, "ఆవిడ ఆగినప్పుడు మాట్లాడింది ఆవిడ కోసమా, నీ కోసమా?" అని. మా అమ్మ కూడా కోపమొస్తే అలాగే కొంగు మడతలు పెడుతుంది, నేను చిన్నప్పటి నుంచి ఆ మడతలకి భయపడతాను అన్నది ఆ రోజు ఆయన ముందు కూర్చుంటేగానీ నాకు తట్టలేదు. ఆవిడ మళ్లీ రాలేదు. అది దిద్దుకోలేని తప్పుగానే ఉండిపోయింది.

1950లో పౌలా హైమన్ అనే ఆవిడ చెప్పింది, థెరపిస్టుకి కలిగే చిరాకు, నిద్ర, భయం కూడా పేషెంటుని అర్థం చేసుకునే పనిముట్లే అని. నిజమే, కానీ పనిముట్టు చేతిలో ఉంటే సరిపోదు, మొద్దుబారిందో లేదో చూసే మనిషి ఇంకొకరు కావాలి. మన దగ్గర వచ్చిన చిక్కు ఇదే. చదువుకునేటప్పుడు ప్రతి కేసూ ఎవరో ఒకరు చూస్తారు. చదువయ్యాక మన తలుపు మనమే వేసుకుని కూర్చుంటాం, అడిగే మనిషి ఉండడు. చట్టమూ అడగదు. నాలుగేళ్లు అలా ఒంటరిగా కూర్చుంటే ఎవరికైనా రెండింటిలో ఒకటి వస్తుంది: మీకు వచ్చినట్టు "నేను ఫేక్" అనే దిగులు, లేకపోతే "నాకు అన్నీ తెలుసు" అనే పొగరు. మీకు వచ్చింది తక్కువ ప్రమాదకరమైంది. రెండోది వచ్చినవాళ్లే టీవీల్లో, పేరు కూడా తెలియని మనిషికి ఫలానా జబ్బు అని తేల్చేస్తుంటారు.

కాబట్టి డబ్బు పెట్టి ఒక సూపర్‌వైజర్‌ని వెతుక్కోండి, నెలకి రెండు గంటలు. అది కుదరకపోతే మీలాంటి ముగ్గురు నలుగురు కలిసి ఆదివారం పూట పేర్లు చెప్పకుండా కేసులు పెట్టుకోండి. మేం పదకొండేళ్లుగా అలా కూర్చుంటున్నాం. గెలిచిన కేసులు చెప్పుకోకూడదని ఒకే ఒక్క నియమం. ఆ తలనొప్పి ఆవిడతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఇక్కడి థెరపిస్ట్‌తో ఇంగ్లీషులో మాట్లాడితే ఏదో ఆఫీసు మీటింగులా ఉంది. హైదరాబాద్‌లో ఒకరితో వీడియోలో తెలుగులో మాట్లాడదామంటే, ఫ్రెండ్ "అది ఇక్కడ లీగల్ కాదు" అంటోంది. నిజమా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో విషయం ఉంది. అమెరికాలో ఈ వృత్తికి లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది, సాధారణంగా పేషెంటు కూర్చున్న చోటు లెక్క. అక్కడ పక్క రాష్ట్రంవాళ్లకే తిప్పలు, ఇక సీఆర్‌ఆర్ నంబర్ ఉన్న నేను టెక్సస్‌లో ఎవరూ కాను. చాటుగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను మాత్రం చేయను. చట్టానికి భయపడి మాత్రమే కాదు. రాత్రి రెండింటికి మీకు బాగా లేకపోతే నేను ఏ ఆసుపత్రికి ఫోన్ చేయాలి? మీ ఇంటి దగ్గర ఏముందో నాకేం తెలుసు?

కానీ భాష బాధ నిజం. 'బెంగ' అనే మాట ఇంగ్లీషులో చెప్పి చూడండి. యాంగ్జైటీ కాదు, డిప్రెషన్ కాదు, ఇల్లు గుర్తురావడం ఒక్కటే కూడా కాదు. "పిల్లాడు బెంగ పెట్టుకున్నాడు" అంటే మన అమ్మమ్మలకి మొత్తం కేసు అర్థమైపోతుంది. టెక్సస్‌లోనే లైసెన్సున్న తెలుగువాళ్లు, దక్షిణాసియావాళ్లు ఉంటారు, ముందు వాళ్ల కోసం వెతకండి. దొరికేదాకా ఇప్పుడున్న థెరపిస్ట్‌తోనే ఉండి, మాట తట్టనప్పుడు తెలుగులోనే అనేయండి. అర్థం ఆవిడే అడుగుతుంది. విడమరిచి చెప్పేటప్పుడు మీకే ఏదో ఒకటి తట్టొచ్చు.

ప్రశ్న: నా పెళ్లి కుదిరింది. రెండేళ్లు నన్ను నిలబెట్టింది మా థెరపిస్టే. శుభలేఖ ఇస్తే ఆవిడ వస్తారా? పిలిస్తే తప్పా? (గుంటూరు నుంచి)

జవాబు: పిలవడం ఏమాత్రం తప్పు కాదు. శుభలేఖ ఇవ్వండి, సంతోషిస్తారు. వస్తారా అంటే, ఎక్కువమంది రారు. ఎందుకు రారో ఆ గదిలోనే మాట్లాడుకోండి, అదీ ఒక సెషనే.

నాకూ ఒకతను శుభలేఖ తెచ్చిచ్చాడు, పసుపు రాసిన అంచులతో. "మేడం, మీరు రాకపోతే ఎలా?" అన్నాడు. "వస్తే, మీ అత్తగారివాళ్లకి నన్ను ఎవరని పరిచయం చేస్తావు?" అని అడిగాను. నోరు తెరిచాడు, మూశాడు. కాసేపు ఆలోచించి, "టెన్త్‌లో లెక్కల మేడం అని చెప్తా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను వెళ్లలేదు. పెళ్లైన వారానికి ఒక బూందీ లడ్డూల పెట్టె వచ్చింది, పైన స్కెచ్ పెన్నుతో 'లెక్కల మేడంకి' అని రాసి ఉంది. మా వాచ్‌మన్ దాన్ని రెండుసార్లు వెనక్కి పంపబోయాడట, "ఈ బిల్డింగులో లెక్కల మేడం ఎవరూ లేరు" అని.